‘ఇంటి భోజనం’ అనే కొలత

హోటల్లో తిని చేయి కడుక్కున్నాక మనవాళ్ళు ఇచ్చే పెద్ద మెచ్చుకోలు ఒకటుంది. ‘అచ్చం ఇంట్లో తిన్నట్టే ఉంది’ అంటారు. గల్లా దగ్గర కూర్చున్నాయన ఆ మాటకు పొంగిపోతాడు. హోటళ్ళ బోర్డుల మీదా అదే మాట. ‘ఇంటి భోజనం’, ‘ఇంటి రుచులు’, ‘అమ్మ చేతి వంట’. లోపల వంట చేసేది అమ్మ కాదని రాసినాయనకూ తెలుసు, చదివిన మనకూ తెలుసు. అయినా ఆ మాటకు గిరాకీ తగ్గదు. బయట తిన్న తిండి మంచిచెడ్డలు తేల్చడానికి ఇంటి తిండిని కొలతగా పెట్టుకోవడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. ఉప్పూకారాల దగ్గర న్యాయం మాటెందుకని నవ్వొచ్చు. కానీ తీర్పు ఉన్న చోటల్లా తీర్పు చెప్పేవాళ్ళూ ఉంటారు, దాన్ని మోసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళెవరో చూడకుండా వదిలేస్తే ‘రుచి’ అనే చిన్నమాట వెనక చాలా విషయాలు దాక్కుంటాయి.

ఈ ప్రశ్న వేసుకోవడానికి బాసర తగిన ఊరు. గోదావరి ఒడ్డున జ్ఞానసరస్వతి గుడి ఉన్న ఈ ఊరు 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ, రైలు మార్గంలో పక్కనే ఉన్న ధర్మాబాద్ మీదుగా మహారాష్ట్ర నుంచీ కుటుంబాలు వస్తుంటాయి. వసంత పంచమి నాడూ, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజూ ఊరు పట్టనంత జనం. పలకా బలపాలు కొని, గంటలకొద్దీ వరుసలో నిలబడి, పూజ ముగించుకుని బయటికొచ్చాక అందరికీ ఆకలి గుర్తొస్తుంది. ఇడ్లీ, వడ, పూరీ, ప్లేటు భోజనం ఎక్కడైనా దొరుకుతాయి. సరిహద్దు ఊరు కాబట్టి పొద్దున పూట పోహా, ఊరు దాటి కొంచెం పోతే జొన్నరొట్టె కూడా కనిపిస్తాయి.

ఆ హోటళ్ళలో కూర్చుని పక్క బల్లల వైపు చూస్తే ఒక దృశ్యం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఏమేం కావాలో సప్లయర్ కు చెప్పేది భర్త. పళ్ళేలు వచ్చాక భార్య చేయి ముందు తన పళ్ళెం వైపు పోదు. అక్షరాభ్యాసానికి వేసిన కొత్త బట్టల మీద సాంబారు పడకుండా చిన్నవాడి మెడ చుట్టూ కొంగు కడుతుంది. ఇడ్లీ చిదిమి, ఊది, తినిపిస్తుంది. పెద్దపిల్లకు చట్నీ కారమైతే నీళ్ళు అందిస్తుంది. అత్తగారి వడ గట్టిగా ఉంటే తన మెత్తటి వడ అటు జరుపుతుంది. తన వంతు వచ్చేసరికి ఇడ్లీ చల్లారిపోతుంది, సాంబారు మీద తెట్టు కడుతుంది. అప్పటికి భర్త చేయి కడుక్కుని గల్లా దగ్గరికి వెళ్ళిపోతాడు. అక్కడ ‘ఎట్లుంది సార్ టిఫిన్?’ అని అడుగుతారు. ఆయన తిన్నది వేడి ఇడ్లీ. అదే హోటల్లో, అదే డబ్బుకు, ఆమె తిన్నది వేరే తిండి. దాని గురించి ఆమెను అడిగినవాళ్ళు లేరు.

ఇంట్లో మాత్రం తిండి గురించిన తీర్పులన్నీ ఆమె మీదికే వస్తాయి. పప్పులో ఉప్పు తక్కువ, నిన్నటి కూరే మళ్ళీనా, మా అమ్మ చేస్తే ఇలా ఉండేది కాదు. రోజుకు రెండు మూడు పూటలు, ఏళ్ళ తరబడి, అప్పీలుకు వీల్లేని తీర్పులు. బాగున్న రోజు మౌనం, బాగాలేని రోజు మాట. విమల ‘వంటిల్లు’ కవిత మనలో ఇంతమందిని అలా పట్టి కుదిపేయడానికి కారణం, అక్కడ ఖర్చయిపోయిన ఆడవాళ్ళ జీవితాలకు అది లెక్క అడగడం. అలాంటి ఇంటి నుంచి వచ్చిన స్త్రీకి హోటల్ అంటే ముందు ఒక పూట సెలవు. తను వండని అన్నం తనకు ఎవరో వడ్డించే అరుదైన సమయం. రుచి సంగతి ఆ తర్వాత. ‘హోటల్ తిండి ఎందుకు, ఆరోగ్యం పాడు’ అనే హితబోధ ఎక్కువగా వండే అలవాటు లేని నోళ్ళ నుంచే రావడం యాదృచ్ఛికమనుకోను. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కర్రీ పాయింట్ దగ్గర ఆగి రెండు కూరలు కట్టించుకునే స్త్రీని ‘సోమరి’ అనే నోళ్ళూ అవే.

ఇంతకీ ఇంటి భోజనమనే కొలతలో ఏముంది? అడిగినంత అన్నం, విసుక్కోకుండా మారు వడ్డన, వేళ తప్పకపోవడం, తినేవాడి ఇష్టాయిష్టాలు గుర్తుండటం. వీటన్నిటికీ ధర లేకపోవడం కూడా ఆ కొలతలో భాగమే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. అయిదేళ్ళలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గింది, పురుషులకు తొమ్మిది నిమిషాలు తగ్గింది. మధ్యనున్న దూరం దాదాపు అలాగే ఉంది. ఈ నిమిషాల్లో ఊడ్చడం, ఉతకడం కూడా ఉన్నా, వంటా అంట్లూ తీసుకునే వాటా మనకు తెలియనిది కాదు. ఇంత శ్రమను సున్నాగా లెక్కగట్టి తయారు చేసుకున్న కొలత పట్టుకుని హోటల్ కు వెళితే ఏమవుతుంది? రెండు రొట్టెలకూ కూరకూ వేసిన ధర దోపిడీలా కనిపిస్తుంది. ‘ఇంట్లో అయితే ఇరవై రూపాయల్లో అయిపోయేది’ అంటాం. ఆ ఇరవైలో పిండీ నూనే ఉన్నాయి. పిండి కలిపిన చేతులు లేవు.

సప్లయర్ నుంచి మనం కోరుకునేదీ ఆ కొలత నుంచి వచ్చిందే. అతను నవ్వాలి, మనం అడక్కముందే నీళ్ళు పోయాలి, మూడోసారి సాంబారు అడిగినా ముఖం చిట్లించకూడదు. పన్నెండు గంటలుగా నిలబడి ఉన్న మనిషి నుంచి తల్లి ఓపికను ఆశిస్తాం. ఆ ఓపిక తల్లికైనా ఎక్కడి నుంచి వస్తుందో మనం ఎన్నడూ అడిగింది లేదు కనుక, అతన్నీ అడగం. అది దొరకనప్పుడు ‘ఒరేయ్’ అని పిలుస్తాం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని హోటళ్ళలో, ధాబాల్లో, చాయ్ దుకాణాల్లో పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబర్ 10 నుంచి నిషేధించారు. బల్లలు తుడిచే మనిషికి ‘చోటూ’ అనే పేరు మాత్రం పోలేదు. నలభై ఏళ్ళ మనిషిని కూడా ఆ పేరుతో పిలిచే కస్టమర్లున్నారు.

‘ఇంటి భోజనం’ అన్నప్పుడు ఎవరి ఇల్లు అని కూడా అడగాలి. మన దగ్గర ఇంటికి కులం ఉంటుంది, కాబట్టి ఇంటి రుచికీ ఉంటుంది. తలకాయ కూర, ఎండు చేపలు, పెద్దకూర, జొన్న గట్క ఎంతోమంది ఇంటి భోజనమే. ‘ఇంటి భోజనం’ అనే బోర్డు చూసి ఇవి దొరుకుతాయని లోపలికి వెళ్ళేవాళ్ళుండరు. పుణ్యక్షేత్రాల్లో ఆ బోర్డు పక్కన ‘శుద్ధ శాకాహారం’ అని మరొకటి ఉంటుంది. కొన్ని ఊళ్ళలో ‘బ్రాహ్మణ భోజనం’ అని తిన్నగానే రాస్తారు. శుభ్రం వేరు, శుద్ధం వేరు. గ్లాసు శుభ్రంగా ఉందో లేదో కళ్ళతో చూసి చెప్పొచ్చు. అది శుద్ధమో కాదో చెప్పాలంటే దాన్ని ముట్టుకున్నవాళ్ళ పుట్టుక తెలియాలి. మనం ‘ఆ హోటల్ నీట్ గా ఉంటుంది’ అని మెచ్చుకునేటప్పుడు ఈ రెంటిలో దేన్ని మెచ్చుకుంటున్నామో మనకే తెలియదు చాలాసార్లు.

ఇది రాజ్యాంగం రాసినవాళ్ళకు తెలుసు. 15వ అధికరణంలోని రెండో భాగం దుకాణాలనూ, హోటళ్ళనూ, భోజనశాలలనూ పేరు పెట్టి చెప్పింది. కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు పేరుతో అక్కడికి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదంది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం, 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పిలుస్తున్నది, హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రల్ని వాడుకోనివ్వకపోవడాన్ని కూడా నేరం చేసింది. గ్లాసుల గురించి ఒక దేశం చట్టం రాసుకోవాల్సి వచ్చిందంటే, గ్లాసు సంగతి ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన హోటల్లో చాయ్ ఎంత చిక్కగా ఉన్నా అది ‘మంచి హోటల్’ ఎలా అవుతుంది? అక్కడ బయట నిలబడి తాగినవాళ్ళ తీర్పును కలపకుండా రుచి లెక్క పూర్తి కాదు.

ఆ అధికరణంలో లింగం అనే మాట కూడా ఉందని స్త్రీలమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒంటరిగా హోటల్ కు వెళ్ళిన స్త్రీని రావద్దని ఎవరూ అనరు. ‘ఫ్యామిలీ సైడ్ కూర్చోండి మేడం’ అంటారు. పరిశోధన పని మీద ఒంటరిగా ఊళ్ళు తిరిగినప్పుడు ఈ మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. కర్టెన్ వేసిన చిన్న గది, గాలాడదు, పిలిస్తే ఎవరికీ వినిపించదు. ఆడమనిషి ఒక్కతీ వస్తే ఆమే ఒక ‘ఫ్యామిలీ’ అయిపోతుంది. ఆకలితో వచ్చిన ఒక మనిషిగా మాత్రం ఆమె లెక్కకు రాదు. ఆ గదిలో తిన్న దోసెకు ఎన్ని మార్కులు వేయాలి?

హోటల్ వంటింట్లో ఇంకో తిరకాసు ఉంది. ఇంట్లో వంట ఆడపని. అదే వంటకు జీతం రాగానే మగపని అయిపోతుంది. హోటల్లో వండే మనిషిని ‘మాస్టర్’ అంటారు, అతను ఎక్కువగా మగవాడే. అదే వంటింట్లో ఆడవాళ్ళ చేతికొచ్చేవి కూరగాయలు తరగడం, పిండి రుబ్బడం, గిన్నెలు తోమడం, రొట్టెలు చేయడం. వాటికి మాస్టర్ లాంటి పేరు లేదు. బాసర దగ్గర రోడ్డు పక్కనున్న ఒక చిన్న హోటల్లో జొన్నరొట్టె తిన్నాక, చేసినవాళ్ళను చూడాలనిపించి వెనకవైపుకు వెళ్ళాను. కట్టెల పొయ్యి ముందు ఓ యాభై ఏళ్ళామె కూర్చుని రొట్టెలు కొడుతోంది. ఈ ప్రాంతంలో చాలామందిలాగే ఆమె కూడా ఇంతకుముందు బీడీలు చుట్టేదట, నడుంనొప్పి వచ్చి మానేసిందట. ‘అక్కా, రొట్టె చాలా మంచిగుంది’ అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి నవ్వింది.

‘రొట్టె మాడితే లోపటిదాక వస్తరు చెల్లే. మంచిగుంటె గల్లా కాడ్నే చెప్పి పోతరు’ అంది.

‘నువ్వెప్పుడు తింటవ్?’ అని అడిగాను. ‘మూడున్నర, నాలుగైతది. గిరాకీ తగ్గాలె గద.’

రొట్టె చేసినామె రొట్టె తినడానికి నాలుగు అవుతుంది. బల్ల ముందు కూర్చున్న భార్య చల్లారిన ఇడ్లీ తింటుంది. ఒకామె కస్టమరు, ఒకామె కూలి. ఒకామె డబ్బిచ్చే కుటుంబంలోది, ఒకామె డబ్బు కోసం వచ్చింది. వాళ్ళిద్దరినీ ఒకటే అనను. కానీ గల్లా దగ్గర జరిగే మాటల్లో ఇద్దరూ లేరు. మెచ్చుకోలు యజమానికి ముట్టింది, తప్పు పొయ్యి దాకా వెళ్ళింది. ఇంట్లోనూ అంతే కదా. విందు బాగుంటే ఇంటాయన మర్యాద తెలిసినవాడు. బాగాలేకపోతే ఇల్లాలికి వంట రాదు. హోటల్ ‘ఇంటిలా’ ఉండటమంటే ఈ విషయంలో మాత్రం పూర్తిగా నిజం.

ఇదంతా విన్నాక ఒక జవాబు రావచ్చు. అలాగైతే తీర్పే చెప్పకుండా ఉందాం, అన్నానికి వంక పెట్టొద్దని పెద్దలన్నారు కదా, పొట్టకూటి కోసం పనిచేసేవాళ్ళ మీద ఫిర్యాదెందుకు, పెట్టింది తిని వద్దాం. అన్నాన్ని నిందించకూడదనే ఆజ్ఞ తైత్తిరీయోపనిషత్తులోనే ఉంది. వినడానికి వినయంగా ఉంటుంది. కానీ ఈ వినయం ఎవరి మెడకు పడుతుందో బాసరలోనే చూశాం. గుడికి కొద్ది దూరంలో 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది, అందరూ ట్రిపుల్ ఐటీ అంటారు. పదో తరగతి తర్వాత ఆరేళ్ళ చదువు కోసం పల్లెల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ఉంటారు. 2022 జూన్ లో వాళ్ళు పన్నెండు డిమాండ్లతో ఎండకూ వానకూ దాదాపు వారం రోజులు కూర్చున్నారు. మెస్ సంగతి కూడా ఆ డిమాండ్లలో ఉంది. జులైలో మెస్ లో మధ్యాహ్నం అన్నం తిన్న వందమందికి పైగా విద్యార్థులు జబ్బు పడ్డారు. పెట్టింది తినండి, చదువుకోండి అనే సలహా ఆ పిల్లలకు ఎన్నాళ్ళ నుంచో దొరుకుతూనే ఉంది. అన్నానికి వంక పెట్టడం అక్కడ పొగరు కాదు, ప్రాణం కాపాడుకోవడం.

ఇక్కడ యాత్రికుడికీ విద్యార్థికీ ఉన్న తేడా చూడాలి. తిండికి మార్కులు వేసే పద్ధతి లోకంలో తిరిగేవాళ్ళ కోసమే పెరిగింది. ఫ్రాన్స్ లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్ళ కోసం ఒక మార్గదర్శిని అచ్చువేసింది. 1926 నుంచి హోటళ్ళకు నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి. ఇప్పుడు ప్రతివాళ్ళ ఫోన్ లోనూ ఆ నక్షత్రాలున్నాయి. బాసర వచ్చిన యాత్రికుడు ఒక హోటల్ నచ్చకపోతే పక్కదానికి పోతాడు, సాయంత్రానికి ఊరే దాటిపోతాడు. అతని తీర్పు వల్ల అతనికి పోయేది ఒక పూట రుచి. రేపు మళ్ళీ రాడు కాబట్టి హోటల్ వాళ్ళకూ అతని కోపమంటే పెద్ద భయం లేదు. రోజూ అదే చోట తినే విద్యార్థికి, హాస్టల్ పిల్లకు, హోటల్ లోనే మూడున్నరకు తినే పనిమనిషికి వేరే దారి లేదు. తీర్పు చెప్పాల్సిన అవసరం అందరికన్నా వాళ్ళకే ఎక్కువ. అడిగేది మాత్రం యాత్రికుణ్ణి. కాబట్టి తీర్పు మానేయడం పరిష్కారం కాదు. ఎవరి తీర్పుకు బరువుండాలో, దేని మీద తీర్పు చెప్పాలో మార్చుకోవాలి.

నా మటుకు నేను ఇంటి కొలతను పక్కన పెట్టి కొన్ని ముతక ప్రశ్నలు పట్టుకు తిరుగుతున్నాను. తాగడానికి ఇచ్చే నీళ్ళు ఎక్కడివి? ఆడవాళ్ళు వెళ్ళగలిగే, గడియ పడే మరుగుదొడ్డి ఉందా? దూర ప్రయాణం చేసే స్త్రీలు హోటల్ ను ఎంచుకునేది మెనూ చూసి కాదు, ఇది చూసే. అది లేదని తెలిసి పొద్దుటి నుంచీ నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళున్నారు. ఒంటరి స్త్రీ, బుర్ఖా వేసుకున్న స్త్రీ, కూలి బట్టల్లో ఉన్న స్త్రీ ఫ్యాను కింద, నలుగురి మధ్య కూర్చోగలరా? ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చి 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఆ లైసెన్సు కాగితం గోడ మీద ఉందా? గిన్నెలు తోమేవాళ్ళకు తొట్టి, నీడ, కూర్చునే చోటు ఉన్నాయా? వాళ్ళు ఏం తింటారు, ఎప్పుడు తింటారు? వీటన్నిటినీ నిర్ణయించేది యజమాని. అందుకే ఫిర్యాదు ఆయనకే చెప్పాలి, పళ్ళెం తెచ్చిన అబ్బాయికి కాదు. మెచ్చుకోలును మాత్రం పొయ్యి దాకా తీసుకెళ్ళాలి. అందుకు అయ్యే ఖర్చు పది అడుగులు.

రుచి సంగతి ఆ తర్వాత. అది పనికిమాలిన విషయం అనను. ఆడవాళ్ళకు తమ నాలుకకు ఏది ఇష్టమో చెప్పే అలవాటే పోయింది. ‘నీకేం కావాలి?’ అని అడిగితే ‘ఏదైనా పర్లేదు’ అనే జవాబు మనకు చిన్నప్పుడే నేర్పారు. అక్షరాభ్యాసానికి వచ్చిన ఆడపిల్లకు బలపం పట్టించిన రోజునే, పక్క హోటల్లో ఆమెకు ఏం కావాలో ఆమెనే అడిగి తెప్పించవచ్చు. తల్లి వేడి ఇడ్లీ తినేదాకా పిల్లవాణ్ణి తండ్రి ఎత్తుకోవచ్చు. ‘నాకు నచ్చలేదు’ అనే మాట ‘బాగాలేదు’ అనే మాట కన్నా నిజాయితీ గలది. మొదటిది నా నాలుక గురించి చెబుతుంది. రెండోది వండినవాళ్ళ గురించి తేల్చేస్తుంది.

ఇంటి కొలత నుంచి హోటల్ ను విడిపిస్తే ఇంటికి కూడా కొంత మేలు జరుగుతుందని నా ఆశ. ప్లేటు భోజనానికి ఒక ధర ఉంది, వేళలు ఉన్నాయి, ‘అయిపోయింది’ అని బోర్డు తిప్పేసే హక్కు ఉంది. వారానికో రోజు మూసేసే హోటళ్ళూ ఉన్నాయి. ‘ఇంట్లో తిన్నట్టే ఉంది’ అని బయట మెచ్చుకునేవాళ్ళు, మన ఇళ్ళలో వీటిలో ఒక్కటైనా ఉందేమో ఒకసారి చూసుకోవాలి.